వంకర బద్దలో విల్లు గీయు విధము



వంకర బద్దలో విల్లును ఎట్లు గీయవలెనో ఈ పాఠములో నేర్చుకొందము. ఒడిశా, ఆంధ్ర మన్యములలో వెదురు విల్లును మనలో అనేకులు చూచియుందురు. వెదురు చాలవరకు తిన్ననిది గనుక అక్కడ ఈ చిక్కు అంతగా రాదు. అమెరికాలోని ఆసేజ్ ఆరెంజ్ చెట్టు సంగతి వేరు. టెక్సాస్, ఓక్లహోమా, ఆర్కన్సా ప్రాంతము దాని స్వస్థలము. ఆసేజ్ తెగవారును ఇతర ఆదివాసులును దానితో విండ్లు చేసిరి. ఫ్రెంచివారు దానిని "విల్లు కర్ర" అను అర్థము వచ్చు పేరుతో పిలిచిరి. పసుపు పచ్చని ఆ కర్ర మిక్కిలి గట్టిది. గాని తిన్నని మాను దొరకుట అరుదు. కాబట్టి ఆ కర్రతో విల్లు చేయువాడు వంకరతో పని నేర్వక తప్పదు.

మూల సూత్రము

విల్లు వంగునప్పుడు గురి వైపు ముఖము సాగును. దానిని వీపు అందుము. విలుకాని వైపు ముఖము నొక్కుకొనును. దానిని కడుపు అందుము. సాగు బలమును భరించునవి కర్రలో నిలువుగా పోవు పోగులు. వాటిని అడ్డముగా తెగగోసినచో విల్లు ఆ చోటనే విరుగును. నిండుగా లాగియుండగా విరిగిన యెడల ముక్కలు ముఖమునకు తగులవచ్చును. కనుక పోగు వంకరగా పోయినచో గీతయు వంకరగానే పోవలెను.

1. చీల్చుట: దుంగను రంపముతో కోయక ఇనుప చీలలు దిగగొట్టి చీల్చవలెను. అప్పుడు బద్ద పోగు వెంబడి విడిపోయి తన నిజమైన వంకరను చూపును. రెండు కొనలకు జిగురు గాని రంగు గాని పూసి నీడలో ఆరబెట్టవలెను. లేనియెడల కొనలు పగుళ్లిచ్చును. పూర్తిగా ఆరుటకు నెలలు పట్టును.

2. వీపు తీయుట: బెరడును, తెల్లచెక్కను తీసివేసి చేవలో ఒక్క వార్షిక వలయమును కొన నుండి కొన వరకు తెగకుండ నిలుపవలెను. వలయమునకు వలయమునకు మధ్య గుల్లగా ఒక పలుచని పొర యుండును. కత్తి దానిని తాకగానే కరకర శబ్దము వచ్చును. అక్కడ చెయ్యి నెమ్మది చేయవలెను.

3. నడిమి గీత: కొలబద్ద పెట్టి తిన్నని గీత గీయరాదు. వీపు మీద సన్నగా కనబడు పోగును పెన్సిలుతో వెంబడించవలెను. విల్లు పొడవు 66 అంగుళములైనచో నడుమ 4 అంగుళములు పిడికి విడువవచ్చును. పిడికి ఇరుప్రక్కల వంగు భాగములకు గీత నుండి చెరియొక ముప్పాతిక అంగుళము కొలిచి, సగము దూరము నుండి కొనల వైపు సన్నగించవలెను. కొన చివరకు అర అంగుళము కావలెను. అయినను మొదట ముప్పాతిక అంగుళము ఉంచుట మేలు.

4. దారపు పరీక్ష: రెండు కొనల నడుమ దారము లాగి కట్టవలెను. అది పిడి నడుమగా పోయినచో మధ్యలో ఎన్ని మెలికలున్నను విల్లు పనికివచ్చును. కుడి వంకరను ఎడమ వంకర సరిచేయును. దారము కొద్దిగా తప్పినచో కొనలలో విడిచిన అదనపు వెడల్పులో గీతను జరుపవచ్చును. ఎక్కువ తప్పినచో కర్రను సన్నము చేసిన పిమ్మట నూనె రాసి, మాడకుండ వేడిచేసి, మెల్లగా వంచి, చల్లారు వరకు బిగించియుంచవలెను.

5. ముడులు, ఎత్తుపల్లములు: ముడి చుట్టు పోగు నీటి పాయవలె చీలి మరల కలియును. అక్కడ గీతను వెలుపలికి ఉబ్బించి కొంత కర్ర ఎక్కువ విడువవలెను. వీపు మీది మిట్టను చదును చేయరాదు. చేసినచో వలయము తెగును. వీపు లేచిన చోట కడుపును దాని వెంట లేపవలెను, దిగిన చోట దింపవలెను. మందము కొనల వైపు క్రమముగా తగ్గవలెను గాని మిట్టపల్లములను బట్టి మారరాదు.

ఇట్లు గీసిన విల్లు చూపునకు పామువలె మెలికలు తిరిగియుండును. అయినను పోగు తెగలేదు గనుక బలముగా నిలుచును. చూపునకు తిన్నగా కోసిన బద్దకు ఆ భరోసా లేదు.

ఆలోచించుడి

1. దుంగను చీల్చుట కోయుటకంటె ఏల మేలు?
2. మెలికలున్న విల్లు తగినదని దారము ఎట్లు తెలుపును?
3. వీపు మీది మిట్టను ఏల చదును చేయరాదు?