ఇంట్లోనే పుట్టగొడుగులు పెంచుదాం

తొలకరికి పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు మనకు తెలిసినవే. వాటిలో విషపువీ ఉంటాయి, గుర్తు తెలియనివి తినరాదు. ముత్యపు చిప్ప రకాన్ని మాత్రం ఇంట్లోనే పెంచుకోవచ్చు. మనకు అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలం.

కావలసినవి: ఎండు వరిగడ్డి 1 కిలో, స్పాన్ అనే విత్తనం 100 గ్రాములు, పాలిథిన్ సంచి. విత్తనం కోసం దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

పద్ధతి:
1. గడ్డిని 2 అంగుళాల ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టాలి.
2. నీరు వంపి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచి, శుభ్రమైన గుడ్డపై నీడన ఆరబెట్టాలి. పిడికిట పిండితే చుక్క రాలరాదు, చేతికి తడి మాత్రం తగలాలి.
3. చేతులు కడుక్కుని సంచిలో నాలుగు వేళ్ల మందం గడ్డి, అంచుల వెంట విత్తనం, ఇలా వరుసలుగా నింపాలి. మూతి కట్టి చుట్టూ చిన్న రంధ్రాలు చేయాలి.
4. చీకటి గదిలో 15–20 రోజులకు గడ్డి తెల్లగా అల్లుకుంటుంది. అప్పుడు సంచి చింపి, గాలి వెలుతురు తగిలే నీడలో పెట్టి రోజూ రెండుసార్లు నీళ్లు చిలకరించాలి. సుమారు వారంలో మొదటి కోత, తర్వాత మరో రెండు కోతలు వస్తాయి.

నా మొదటి సంచి పచ్చబూజు పట్టింది. తొందరపడి తడిగడ్డి నింపడమే నా తప్పు. రెండో సంచితో ఇంటిల్లిపాదీ కూర తిన్నాం. సంక్రాంతి సెలవుల్లో ఒక్క సంచి కట్టి, అమ్మకు అప్పజెప్పి రండి!