గ్రూపులో నమ్మకమే పెట్టుబడి
పాఠం: వాట్సాప్ గ్రూపులు, చిన్న వ్యాపారం, మన పర్మిట్

మలేషియాలో పనిచేసే మనవాళ్లలో ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో లేనివాళ్లు అరుదు. ఊరి గ్రూపు, జిల్లా గ్రూపు, కంపెనీ గ్రూపు, గుడి గ్రూపు. జీతం ఆగినా, పాస్‌పోర్టు కనపడకపోయినా, ఊళ్లో ఎవరికైనా బాగోలేకపోయినా మొదటి మెసేజ్ పడేది అక్కడే. ఇప్పుడు అదే గ్రూపులో పచ్చళ్లు, జీడిపప్పు, చీరలు, వీసాలు, చిట్టీలు కూడా అమ్ముతున్నారు.

ఇందులో ఏది మనల్ని నిలబెడుతుంది, ఏది మన పర్మిట్‌కే ఎసరు పెడుతుంది? ఈ పాఠంలో అదే చూద్దాం. డార్మిటరీలో నలుగురు కూర్చుని చదువుకుని, చివర ఇచ్చిన ప్రశ్నల మీద మాట్లాడుకోండి.

1. ముందు పర్మిట్ సంగతి

మన చేతిలో ఉన్నది తాత్కాలిక ఉద్యోగ పాస్. దాన్ని ఇక్కడ పీఎల్‌కేఎస్ అంటారు. అది ఒక యజమానికి, ఒక రంగానికి కట్టిన పాస్. ఆ పని తప్ప వేరే పని చేసినా, సొంతంగా వ్యాపారం చేసినా పాస్ షరతు తప్పినట్టే. 1963 ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో 39(బి) దీని గురించే. 1,000 రింగిట్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆపైన తిరిగి ఇంటికి పంపించేయవచ్చు, మళ్లీ రాకుండా బ్లాక్‌లిస్టులో పెట్టవచ్చు.

"లోకల్ మనిషి పేరున లైసెన్సు తీసుకుందాం" అని చెప్పేవాళ్లుంటారు. మలేషియాలో సొంత వ్యాపారాన్ని రిజిస్టర్ చేసుకునే వీలు పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే ఉంది. లైసెన్సు వాళ్ల పేరున ఉన్నా, షాపులో నిలబడింది మీరైతే షరతు తప్పింది మీ పాస్‌కే. గొడవొస్తే సరుకు, డబ్బు ఆయనవి అవుతాయి, కేసు మీది అవుతుంది.

మరి ఎవరు చేయొచ్చు? తరాలుగా ఇక్కడే ఉన్న, పౌరసత్వం ఉన్న తెలుగువాళ్లు చేయొచ్చు. ఊళ్లో ఉన్న మీ ఇంటివాళ్లు చేయొచ్చు. కాంట్రాక్టు ముగించుకుని వెళ్లాక మీరూ చేయొచ్చు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ మీరు సంపాదించుకోగలిగింది పరిచయం, మంచి పేరు. దానికి లైసెన్సు అక్కర్లేదు.

2. పేరు ఎలా వస్తుంది?

కౌలాలంపూర్‌లో పిచా ఈట్స్ అనే సంస్థ ఉంది. ముగ్గురు మలేషియా యువతులు 2016లో దాన్ని మొదలుపెట్టారు. అంతకుముందు వాళ్లు శరణార్థి పిల్లలకు చదువు చెప్పే వాలంటీర్లు. పిల్లల ద్వారా ఇళ్లు తెలిశాయి, ఇళ్లలో కష్టాలు తెలిశాయి, తల్లుల చేతి వంట తెలిసింది. ఆ తర్వాతే వ్యాపారం. మొదటి కుటుంబంలోని చిన్న పిల్లాడి పేరే సంస్థకు పెట్టుకున్నారు. సంస్థ నడిపేది మలేషియా పౌరులు కాబట్టి ఆ పద్ధతి మన పర్మిట్‌కి వర్తించదు. కానీ ఆ వరస మనకు పాఠం: ముందు మనుషులు, తర్వాత సరుకు.

గ్రూపులో చాలామంది దీనికి ఎదురు చేస్తారు. చేరిన రోజే ఫోటో, ధర, ఫోన్ నంబరు. రోజుకు నాలుగుసార్లు అదే మెసేజ్. వారం తిరగకుండా అందరూ గ్రూపును మ్యూట్‌లో పెడతారు. అప్పుడు నష్టం ఆ ఒక్కడికే కాదు. ఎవరికైనా యాక్సిడెంట్ అయి సాయం కోసం మెసేజ్ పెడితే, అదీ ఎవరూ చూడరు.

పేరు రావాలంటే మీకు నిజంగా తెలిసిన విషయంలో ఎవరికైనా ఉపయోగపడాలి. ఒక ఉదాహరణ. గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడనుకోండి: "అన్నా, నా బేసిక్ 1,700. ఓటీ గంటకు ఎంత రావాలి?" చాలామంది "మా కంపెనీలో ఇంత ఇస్తారు" అని వదిలేస్తారు. లెక్క తెలిసినవాడు ఇలా చెప్తాడు:

నెల జీతం 1,700ను 26తో భాగిస్తే రోజుకు 65.38 రింగిట్లు.
దాన్ని 8 గంటలతో భాగిస్తే గంటకు 8.17.
మామూలు పనిరోజున ఓటీకి ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 12.26.

కనీస వేతనం 2025 ఫిబ్రవరి 1 నుంచి 1,700 అయింది. అయిదుగురి కంటే తక్కువమంది ఉన్న చిన్న సంస్థలకు కూడా 2025 ఆగస్టు 1 నుంచి అదే వర్తిస్తుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. మామూలు పని గంటలు వారానికి 45. ఈ గంటలు, ఓటీ లెక్క పశ్చిమ మలేషియాలోని ఉద్యోగ చట్టం ప్రకారం. సబా, సరవాక్‌లకు వేరే కార్మిక చట్టాలున్నాయి.

ఇలా ఒక్కసారి ఓపిగ్గా లెక్క చెప్పినవాణ్ని ఎవరూ మర్చిపోరు. తెలియని చోట "నాకు తెలీదు, లేబర్ ఆఫీసులో అడుగు" అన్నవాణ్ని ఇంకా ఎక్కువ నమ్ముతారు. రేపు అతని ఇంటివాళ్లు ఏదైనా అమ్మితే, తూకం సరిగ్గా ఉంటుందని నలుగురూ అనుకుంటారు.

ఇంకో సంగతి. నెలకు 30 గంటల ఓటీ చేస్తే ఒకటిన్నర రేటున 367.80 రావాలి. సింగిల్ రేటు కట్టి ఇస్తే వచ్చేది 245.10. నెలకు 122.70 పోయింది. ఏడాదికి 1,472.40. ఊళ్లో చిన్న వ్యాపారానికి అప్పు కోసం తిరిగే ముందు పేస్లిప్ తీసి చూసుకోండి. మన మొదటి పెట్టుబడి అక్కడే చిక్కుకుని ఉండొచ్చు. కార్మిక శాఖ 'వర్కింగ్ ఫర్ వర్కర్స్' యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

3. ఇంటివాళ్ల వ్యాపారం గురించి గ్రూపులో ఎలా చెప్పాలి?

పలాస దగ్గర మీ ఇల్లాలు డ్వాక్రా సంఘంతో కలిసి జీడిపప్పు ప్యాకెట్లు కడుతోందనుకుందాం. ముందు గ్రూపు అడ్మిన్‌ని అడగండి. సరేనంటే ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి:

"మాది పలాస. మా ఇంటావిడ జీడిపప్పు అమ్ముతోంది. ఇండియాలో మీ ఇంటికి పంపించుకోవాలంటే ఆమె నంబరు ఇస్తాను. కావాలన్నవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి."

అంతే. ఆర్డరు, డబ్బు, లెక్క అన్నీ ఆమె పేరున, ఆమె ఫోనులో, ఇండియాలోని ఆమె ఖాతాలో జరగాలి. మీరు ఇక్కడ సరుకు దించుకుని గదుల్లో పంచితే, డబ్బు వసూలు చేస్తే అది మళ్లీ మీ పర్మిట్ సమస్యే. జోహోర్‌లో పనిచేసే అన్న జగిత్యాలలోని వాళ్ల అమ్మకు పండక్కి ఒక పొట్లం పంపించుకోవడానికి ఈ దారి చాలు.

అక్కడ కాగితాలు కూడా సరిగ్గా ఉండాలి. తినే వస్తువు అమ్మేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు తప్పనిసరి. చిన్న స్థాయి నమోదుకు రుసుము ఏడాదికి 100 రూపాయలు. చిన్న సంస్థలకు 2020 జూలై 1 నుంచి ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది. అది పూర్తిగా ఉచితం. దానికి వేలు అడిగే మధ్యవర్తిని నమ్మొద్దు.

ఇక ఫిర్యాదు వచ్చినప్పుడు. 2025 ఏప్రిల్‌లో రాజమండ్రి నుంచి వాట్సాప్ మీద పచ్చళ్లు అమ్మే ఒక సంస్థ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ధర ఎక్కువ అన్న కొనుగోలుదారుకు బూతులతో వాయిస్ మెసేజ్ వెళ్లింది. అది బయటికొచ్చి రాష్ట్రాలంతా తిరిగింది. ఎన్నాళ్లో కష్టపడి తెచ్చుకున్న పేరు ఒక్క మెసేజ్‌తో పోయింది. ధర ఎక్కువంటే ఎందుకు ఎక్కువో చెప్పాలి. సరుకు పాడైతే డబ్బు తిరిగివ్వాలి. ఆ మాట ఎదుటివాడు అడిగిన చోటే, నలుగురి ముందూ చెప్పాలి. తప్పు సరిదిద్దడం చూసినవాళ్లు మళ్లీ కొంటారు.

4. గ్రూపులో అమ్మకూడనివి

గ్రూపులో మంచి పేరు వచ్చిందంటే, ఆ పేరును అద్దెకు అడిగేవాళ్లు వస్తారు. ఇక్కడే చాలా జాగ్రత్త కావాలి.

వీసా, ఉద్యోగం. "నువ్వు చెప్తే నమ్ముతారు, మనిషికి ఇంత ఇస్తా" అంటాడు ఏజెంటు. భారత ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం. రిజిస్టరైన ఏజెంటు అయినా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు 30 రోజుల వరకు వీసా లేకుండా మలేషియా రావచ్చు. అది చూసి వెళ్లడానికే. "విజిట్ మీద రా, ఇక్కడ పర్మిట్ చేయిస్తాం" అనే మెసేజ్‌ను ఫార్వర్డ్ చేసినా, ఒక కుటుంబాన్ని అప్పుల్లోకి తోసినట్టే.

చిట్టీ. మన చిట్టీలాంటిదాన్ని ఇక్కడ కుటు అంటారు. దాన్ని వ్యాపారంగా నడపడాన్ని మలేషియా 1971లోనే చట్టం చేసి నిషేధించింది. పాడినవాడు ఊరికి వెళ్లిపోతే పోలీసుల దగ్గరికి వెళ్లలేం.

హుండీ, ఖాతా. లైసెన్సు లేకుండా ఇతరుల డబ్బు ఊరికి పంపడం నేరం. మీ ఏటీఎం కార్డు, ఖాతా వేరేవాళ్లకు ఇవ్వడమూ నేరమే. "కమీషన్ ఇస్తాం, ఖాతా వాడుకుంటాం" అన్న మెసేజ్ కనపడితే అడ్మిన్‌కి చెప్పి తీయించండి.

జీడిపప్పు బాగోలేదంటే డబ్బు తిరిగివ్వొచ్చు. మన మాట మీద వచ్చి, పర్మిట్ లేక దాక్కుని బతికే కుర్రాడికి ఏం తిరిగివ్వగలం? అందుకే ఈ మూడింటికీ గ్రూపులో చోటివ్వకూడదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రూపులో గత నెలలో ఎవరి మెసేజ్ మీకు నిజంగా ఉపయోగపడింది? ఆయన ఏం చేశాడు?
2. మీ పేస్లిప్‌లో ఓటీ రేటు పైన చెప్పిన లెక్కకు సరిపోతోందా?
3. అమ్మకాల మెసేజ్‌లకు వారంలో ఒకరోజు కేటాయించి, మిగతా రోజులు సాయానికి ఉంచితే మీ గ్రూపులో ఎలా ఉంటుంది?
4. వీసా ప్రకటన కనపడితే ఎవరు, ఎలా జవాబివ్వాలి?

ఈ వారం పని: ఎవరి పేస్లిప్ వాళ్లు తెచ్చుకుని కలిసి లెక్క చూడండి. తేడా వస్తే ఆ కాగితం ఫోటో తీసి దాచండి, పనిచేసిన గంటలు రోజూ రాసుకోండి. గ్రూపులో చదువు రాని అన్నలు ఉంటే, వాళ్ల లెక్క మీరు కూర్చుని చూడండి.