పోటీ పరీక్షల ప్రత్యేకం: వేడెక్కితే నెమ్మదించే ప్రాసెసర్

మే నెలలో రామగుండంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. చలికాలం తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో 10 లోపుకు పడిపోతుంది. ల్యాప్‌టాప్ అదే, పనీ అదే. వేగం మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉండకపోవచ్చు. చిప్ తన వేడిని చుట్టూ ఉన్న గాలికే వదలాలి. ఆ గాలి 25 డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది.

ఆ వేడి తగ్గాలంటే పవర్ తగ్గాలి. చిప్ వాడే డైనమిక్ పవర్ ఫ్రీక్వెన్సీకి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రెండింటినీ 20 శాతం చొప్పున తగ్గిస్తే 0.8 ఘనం, అంటే 0.512. పవర్ సుమారు సగానికి దిగుతుంది. లెక్కగా అడగడానికి బాగా అనువైన అంశమిది.

లినక్స్ కెర్నల్‌లో ఫ్రీక్వెన్సీని, అంటే వేగాన్ని, మార్చే పని సీపీయూఫ్రీక్ విభాగానిది. ఎంత వేగం కావాలో గవర్నర్ నిర్ణయిస్తుంది, డ్రైవర్ దాన్ని హార్డ్‌వేర్‌తో అమలు చేయిస్తుంది. అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే. పెర్ఫార్మెన్స్ గవర్నర్ గరిష్ఠ వేగాన్ని, పవర్‌సేవ్ కనిష్ఠ వేగాన్ని కోరతాయి. 2016లో లినక్స్ 4.7తో వచ్చిన షెడ్‌యుటిల్, షెడ్యూలర్ లెక్కలను బట్టి వేగం మారుస్తుంది. ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్ యాక్టివ్ మోడ్‌లో ఉంటే పవర్‌సేవ్ అంటే కనిష్ఠ వేగం కాదు. పేరు చూసి మోసపోవద్దు.

వేడెక్కినందుకు వేగం తగ్గించే థర్మల్ థ్రాట్లింగ్ సంగతి వేరు. అక్కడ ట్రిప్ పాయింట్లు, అంటే ఉష్ణోగ్రత హద్దులు, ఉంటాయి: యాక్టివ్ దాటితే ఫ్యాన్ తిరుగుతుంది, పాసివ్ దాటితే వేగం తగ్గుతుంది, క్రిటికల్ దాటితే యంత్రం షట్‌డౌన్ అవుతుంది. కెర్నల్ స్పందించకముందే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకోనూగలదు.

నమూనా ప్రశ్న: ఫ్యాన్ లేని ఫోన్‌ను కెర్నల్ ఏ పద్ధతిలో చల్లబరుస్తుంది?
జవాబు: పాసివ్.