మెడికల్ అసిస్టెంట్ చదువుకు వెళ్ళే అమ్మాయిలకు

అమెరికా వచ్చాక వైద్యరంగంలో ఏదైనా చదవాలనుకునే మన అమ్మాయిలు చాలామంది నన్ను సలహా అడుగుతుంటారు. కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ అసిస్టింగ్ చదివి, ఏళ్ల తరబడి క్లినిక్‌లో పనిచేసి, కొత్తగా వచ్చేవాళ్లకు పని నేర్పినదాన్ని. నాకు అనుభవంలో తేలినవి చెబుతాను.

1. ఇది నర్సింగ్ కాదు. అసోసియేట్ డిగ్రీ అంటే రెండేళ్లు, సుమారు 60 క్రెడిట్లు. నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీకీ దాదాపు అంతే కాలం పడుతుంది, కానీ అది పూర్తిచేసినవాళ్లు ఎన్‌క్లెక్స్ లైసెన్సు పరీక్ష రాసి రిజిస్టర్డ్ నర్సులవుతారు. మనం కాలేం. ముందు ఇది చదివి తర్వాత నర్సింగ్‌లోకి మారిపోవచ్చనుకుంటే చిక్కే. ఇంజెక్షన్లు, బిల్లింగ్, ఆఫీసు పని లాంటి సబ్జెక్టుల క్రెడిట్లు సాధారణంగా అక్కడ పనికిరావు. ఇంగ్లిష్, సైకాలజీ, ల్యాబ్‌తో కూడిన అనాటమీ-ఫిజియాలజీ పనికొస్తాయి, అదీ బదిలీ అయ్యే స్థాయిలో తీసుకుంటేనే. ఉద్యోగం మాత్రమే కావాలంటే ఏడాది లోపు సర్టిఫికెట్ కోర్సు చాలు. రెండో ఏడు ఖర్చు పెట్టేది ఈ పైచదువు దారి కోసం. కాబట్టి తేలిక సైన్సు క్లాసుతో సరిపెట్టుకోకండి.

2. ఫీజు కట్టేముందు గుర్తింపు చూడండి. సీఏఏహెచ్‌ఈపీ లేదా ఏబీహెచ్‌ఈఎస్ సంస్థ గుర్తింపు ఆ కోర్సుకే ఉండాలి, కాలేజీకి ఉంటే చాలదు. అది ఉంటే సీఎంఏ (సర్టిఫైడ్ మెడికల్ అసిస్టెంట్) పరీక్షకు సూటిగా వెళ్లొచ్చు. పరీక్షలో 200 ప్రశ్నలు, లెక్కలోకి వచ్చేవి 180. పాసయ్యాక ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి. వాషింగ్టన్‌లోనైతే ఈ పనికి రాష్ట్ర ఆరోగ్యశాఖ అనుమతి తప్పనిసరి.

3. హెచ్4 వీసా మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. ఈఏడీ (పని అనుమతి) లేకుండా జీతం తీసుకోకూడదు. ఫెడరల్ ప్రభుత్వ ఫీజు సాయం గ్రీన్‌కార్డు వచ్చాకే.

4. టీకాల కాగితాలు మొదటి సెమిస్టర్‌లోనే సిద్ధం చేసుకోండి. హెపటైటిస్ బి మూడు డోసుల పద్ధతిలో పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. క్లినిక్ శిక్షణకు టీబీ పరీక్ష కూడా అడుగుతారు. మనలో చాలామందికి చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్ల చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. అప్పుడు ఎక్స్‌రేలు, ఆందోళన. బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష ఉంది, ముందే దాన్ని అడగండి. ఇది మన అమ్మాయిలకు ఎవరూ ముందుగా చెప్పరు.

5. సూదికి అందరూ భయపడతారు. చేయి సాధనతో తిరుగుతుంది, నరం దొరకడమూ అలవాటవుతుంది. అసలు జాగ్రత్త రక్తం నింపే ట్యూబుల వరుస దగ్గర. లేత నీలం మూత ముందు, తర్వాత ఎరుపు, బంగారు రంగు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద రంగు. ఊదా ట్యూబులో పొటాషియం కలిసిన ఈడీటీఏ ఉంటుంది. అది ముందు నింపి, దాని చుక్క బంగారు రంగు ట్యూబులోకి చేరితే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని రాత్రికి రాత్రి ఎమర్జెన్సీకి పంపే రిపోర్టు అది. లేత నీలం ట్యూబు గీత దాకా నిండాలి, లేకపోతే ల్యాబ్ తిప్పి పంపుతుంది. టోర్నికెట్ నిమిషం దాటి ఉంచకండి. లేబుల్ పేషెంటు ఎదుటే, రక్తం తీసిన వెంటనే అంటించండి. పేరు మీరు చదివి అవునా అని అడగకండి, వాళ్లచేతే పేరు, పుట్టిన తేదీ చెప్పించండి. మన పెద్దవాళ్లకు ఇంటిపేరు, పేరు తారుమారై ఇన్సూరెన్స్ కార్డులో ఒకటి, ఫైలులో ఒకటి ఉండటం మామూలే. ఇక్కడ పుట్టిన తేదీయే దిక్కు.

6. బీపీ చూడటం చిన్న పని అనుకోకండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, చేతిని గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడించకుండా చూడాలి. కఫ్ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకెను బట్టే డాక్టరు మందు పెంచుతారు.

7. పేషెంటు తెలుగు పెద్దాయన అయితే మీ మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. పలకరించండి, ధైర్యం చెప్పండి. కానీ మందు మార్చాలా, నొప్పి ప్రమాదమా అని అడిగితే జవాబు మీది కాదు. 'డాక్టరుగారికి చెబుతానండి' అనండి, చెప్పండి కూడా. అనువాదం చేయమంటే మేనేజరును అడిగాకే చేయండి. చాలా క్లినిక్‌లు అర్హత ఉన్న దుబాసీనే పెట్టుకుంటాయి. ఫలానావారు మా క్లినిక్‌కు వచ్చారని ఇంట్లో గానీ గుడిలో గానీ అనకండి. అది పేషెంటు వివరాల గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టానికే కాదు, వాళ్ల నమ్మకానికీ ద్రోహం.

8. చివర్లో క్లినిక్ శిక్షణ, అంటే కనీసం 160 గంటల ప్రాక్టికమ్ ఉంటుంది, సాధారణంగా జీతం ఉండదు. మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అని క్లినిక్ చూసేది అప్పుడే, టైముకు ముందే వెళ్ళండి.

కార్మిక శాఖ లెక్క ప్రకారం 2023లో ఈ ఉద్యోగానికి మధ్యస్థ వార్షిక వేతనం 42,000 డాలర్లు. రెండేళ్ల ఫీజును దానితో పోల్చి చూసుకోండి. ప్రైవేటు స్కూలు భారీ ఫీజు చెబితే, సంతకం పెట్టకముందే మీ ఊరి కమ్యూనిటీ కాలేజీకి వెళ్లి, ఏ క్రెడిట్లు ముందుకు పనికొస్తాయో అడ్వైజర్ చేత కాగితం మీద రాయించుకోండి.