వాహనపు మూడవ కన్ను

2013వ సంవత్సరం ఫిబ్రవరి 15వ తేదీ ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ ప్రాంతంపై ఆకాశంలో ఒక ఉల్క పేలింది. ఆ దృశ్యాన్ని లోకానికి చూపినవాటిలో ముఖ్యమైనవి కార్ల అద్దాలకు అమర్చిన చిన్న కెమెరాలు. ప్రమాదం జరిగినప్పుడు తప్పెవరిదో తేల్చుకొనడానికి అక్కడివారు పెట్టుకొన్న ఆ సాధనాలే, ఉల్క వచ్చిన మార్గాన్ని లెక్కగట్టడంలో శాస్త్రజ్ఞులకు తోడ్పడినవి.

ఇట్టి కెమెరాకు డాష్‌కామ్ అని పేరు. దీనిని ముందు అద్దంపై, డ్రైవరు చూపునకు అడ్డురాకుండా, వైపర్ తుడిచే మేరలో అతికించాలి. తీగను పైకప్పు అంచు వెంబడి ఫ్యూజుల పెట్టె దాకా తీసుకొనిపోవాలి. పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటే తీగ దాని వెనుకగా పోవాలి. ముందుగా పోనిస్తే, అది విచ్చుకొనే వేళ ప్రాణాపాయం కలుగవచ్చు. బండి ఆగి ఉన్నప్పుడు కూడ చిత్రించదలిస్తే, బ్యాటరీ బలం తగ్గగానే సరఫరాను ఆపే పరికరం అవసరం. లేకున్న తెల్లవారేసరికి బండి కదలదు!

మెమరీ కార్డు నిండగానే పాత దృశ్యాలు చెరిగి కొత్తవి చేరుతాయి. కుదుపు కలిగినప్పటి దృశ్యం మాత్రం చెరగకుండ భద్రపడుతుంది. ఈ సున్నితత్వాన్ని మరీ పెంచితే మన రోడ్లపై ప్రతి గుంతా ప్రమాదమే! కార్డంతా గుంతలతోనే నిండి, అసలు ప్రమాదానికి చోటు మిగలదు. ఇక రెంటచింతల ఎండలో నిలిపే కారుకు, లిథియం బ్యాటరీకి బదులు కెపాసిటర్ ఉన్న కెమెరా మేలు.

తేదీ, సమయం సరిచేయడం మరువరాదు; అవి తప్పితే సాక్ష్యం సందేహాలకు తావిస్తుంది. అమరిక ముగిసిన పిదప రాత్రివేళ ఒకసారి బండి నడిపి, ఎదుటి వాహనాల నంబర్లు చదువ వీలగుచున్నవో లేదో చూడాలి.