అప్పగించుట వేరు, పారవేయుట వేరు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:1-4, లూకా 10:30-35, సామెతలు 12:10.



కోతలు ముగిసిన పిమ్మట మన సంఘములలోని అనేక కుటుంబములు కూలిపనికి పట్టణములకు వలస వెళ్లుచున్నవి. మేకలను అమ్ముదురు, కోళ్లను చుట్టములకు ఇత్తురు, తలుపునకు తాళము వేయుదురు. అయితే ఇన్నాళ్లు ఆ వాకిట కాపలా కాచిన కుక్క సంగతి ఏమి? పట్టణములో అద్దె ఇంటివారు దానిని రానియ్యరు. కొందరు దానిని గోనెసంచిలో వేసి ఏటి అవతల విడిచి వచ్చుచున్నారు. మరికొందరు అప్పుడే పుట్టిన పిల్లలను కండ్లు తెరువకమునుపే కాలువగట్టున వదలుచున్నారు. "కుక్కే గదా, ఎట్లో బ్రదుకును" అని మనస్సుకు సర్ది చెప్పుకొందురు. ఈ విషయమై దేవుని వాక్యము ఏమి బోధించుచున్నదో ఈ నెల ధ్యానింతము.

1. దొరికినవాని బాధ్యత

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమును తెరచి చూడుడి. సహోదరుని ఎద్దుగాని గొఱ్ఱెగాని తప్పిపోయి తిరుగుచుండగా, చూచియు చూడనట్లు తొలగిపోరాదని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. యజమానుడు దూరమున ఉన్నను, అతడెవరో తెలియకున్నను, ఆ జీవమును ఇంటికి తోలుకొని వచ్చి, అతడు వెదకికొనుచు వచ్చువరకు తనయొద్ద ఉంచుకొనవలెను. అంటే దాని మేతయు, నీళ్లును, కావలియు దొరికినవాని మీదనే పడును. దారి తప్పిన జీవమునకు ఆశ్రయమిచ్చుట మనుష్యులు నిన్న మొన్న కనిపెట్టిన పని కాదు. అది ధర్మశాస్త్రములోనే యున్నది.

"అది ఎద్దును గూర్చిన మాట, కుక్కను గూర్చినది కాదు" అని ఎవరైన అనవచ్చును. నిజమే, పరిశుద్ధ గ్రంథములో కుక్కకు గౌరవస్థానము లేదు. అయినను మూడవ వచనము గాడిదను, వస్త్రమును, పోయిన ప్రతి వస్తువును చేర్చి చెప్పుచున్నది. పోయిన వస్త్రమునే పట్టించుకొనవలెనన్న దేవుడు, ఆకలిగొన్న ప్రాణమును విడిచిపెట్టుమనునా? నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగి దయచూపునని సొలొమోను చెప్పిన మాటను కూడ జ్ఞాపకము చేసికొందము.

2. అప్పగించువాని బాధ్యత

అయితే పెంచినవానికి నిజముగా ఉంచుకొనలేని పరిస్థితి రావచ్చును. వలస, రోగము, ముసలితనము, పేదరికము, వీనిలో ఏదైన కారణము కావచ్చును. అప్పుడు మరియొకనికి అప్పగించుట పాపము కాదు. ఎట్లు అప్పగించుచున్నామన్నదే ప్రశ్న.

మంచి సమరయుని చూడుడి. గాయపడినవానిని అతడు తన ఇంటికి తీసికొని పోలేదు. పూటకూళ్ల ఇంటిలో అప్పగించి మరునాడు వెళ్లిపోయెను. అందుకు అతనిని ఎవరును నిందింపరు. ఏలయనగా అతడు నాలుగు పనులు చేసెను. మొదట గాయములు కట్టెను. ఒక రాత్రి దగ్గర నుండి పరామర్శించెను. రెండు దేనారములు చెల్లించెను. ఇంకను ఖర్చయినయెడల తిరిగి వచ్చినప్పుడు తీర్చెదనని మాట ఇచ్చెను. మనుష్యుని విలువ కుక్క విలువ కంటె ఎంతో ఎక్కువ. ఆ రెంటిని మేము సమానము చేయుట లేదు. అయినను మన చేతిలోని ప్రాణమును మరియొక చేతిలో పెట్టు విధానము ఇక్కడ స్పష్టముగా కనబడుచున్నది. రెండవ చెయ్యి పట్టుకొనువరకు మొదటి చెయ్యి వదలరాదు. వదలిన తరువాత కూడ మరచిపోరాదు.

మేమెరిగిన ఒక కుటుంబము హైదరాబాదునకు పనికి వెళ్లుచు, తమ కుక్కను పొరుగున నున్న విధవరాలికి అప్పగింపగోరెను. ఆమె, "అయ్యగారూ, నాకే పూట గడవదు, దానికేమి పెట్టుదును?" అని అడిగెను. న్యాయమైన ప్రశ్న. ఆ ఇంటి యజమానుడు కుక్కకు టీకా వేయించి, ఒక బస్తా నూకలు ఆమె ఇంట దింపి, నెలనెలా కొంత పంపెదనని చెప్పెను. కొన్ని నెలలు పంపెను. తరువాత పని దొరకక పంపలేకపోయెను. అప్పుడు పిడికెడు బియ్యములో నుండి ఇత్తమని స్త్రీల సమాజములో కొందరనగా, "అవి పేదల కొరకైన బియ్యము" అని ఒక పెద్ద అభ్యంతరము చెప్పెను. అతడు చెప్పినది సబబే. పిల్లల రొట్టె పిల్లలదే. అయితే బల్ల క్రింద పడు ముక్కలను గూర్చి మార్కు 7వ అధ్యాయములో ఒక తల్లి చెప్పిన మాట కూడ ఉన్నది గదా! నాలుగిండ్లవారు తమ ఇంట మిగిలిన గంజి, కూడు వంతులు వేసికొని ఇచ్చిరి. ఎవరి కంచములోను ఏమియు తగ్గలేదు.

3. ఆశ్రయములు ఏర్పడిన విధము

1824లో ఆర్థర్ బ్రూమ్ అను సంఘ కాపరి లండనులో కొందరిని సమకూర్చగా జంతుహింస నివారణ సంఘము పుట్టెను. ఆ సంఘపు అప్పుల నిమిత్తము ఆయన చెరసాల పాలయ్యెను. 1860లో మేరీ టీల్బీ అను స్త్రీ అదే నగరములో దిక్కులేని కుక్కలకు ఒక గృహము తెరచెను. జనులు పరిహసించిరి. 1871లో బాటర్సీ అనుచోటికి మారిన ఆ గృహము నేటికిని నడచుచున్నది. మన వైపు చెన్నైలో 1959 నుండి, హైదరాబాదులో 1992 నుండి బ్లూ క్రాస్ సంస్థలు, విశాఖపట్టణములో 1996 నుండి మరియొక సంస్థ ఈ పని చేయుచున్నవి.

అయితే ఆశ్రయమనగా అంతులేని చోటు కాదు. వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే తిరిగి విడువవలెనని 2023 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. కాబట్టి రాత్రివేళ ఆశ్రయపు గేటునకు కట్టివేసి పారిపోవుట అప్పగింత కాదు, అదియు పారవేయుటయే. తగిన కారణము లేక జంతువును ఆకలిదప్పులకు విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము కూడ.

4. మనము చేయవలసినది

ప్రయాణమునకు ముందే చుట్టములను, పొరుగువారిని, సంఘస్థులను అడుగుడి. పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించుడి. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్సను గూర్చి పశువైద్యుని అడుగుడి. తీసికొనువారికి నిజము చెప్పుడి. కరచు అలవాటును దాచిపెట్టుట పొరుగువాని బిడ్డకు అపాయము తెచ్చుటయే. కుక్క కరచినయెడల గాయమును సబ్బుతో, ధారగా పడు నీళ్లతో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి వెళ్లవలెను. పట్టణపు ఆశ్రయమునకు ఇయ్యదలచినవారు ముందుగా విచారించి, చోటున్నదని తెలిసిన తరువాతనే తీసికొని వెళ్లి, శక్తి కొలది కానుక ఇయ్యవలెను. పొరుగున ఉన్న పరాయి వీధిలో విడువకుడి; అక్కడి కుక్కలు దానిని చీల్చును.

సంఘ కూడికలో ఆలోచించుటకు ప్రశ్నలు:

1. పూటకూళ్లవాడు సమరయుని మాట నమ్ముటకు ఏది ఆధారమయ్యెను?
2. వలస వెళ్లిన కుటుంబములు మన యొద్ద విడిచి వెళ్లినవి ఏవి? వృద్ధులను, పశువులను ఎవరు చూచుచున్నారు?
3. మన ఊరిలో దిక్కులేక తిరుగు జీవము ఒకటి కనబడినయెడల, మొదట ఎవరి ఇంట చోటు దొరకును?

పిచ్చుకను సయితము మరువని తండ్రి, మన చేతికి అప్పగించినవాటి విషయమై మనలను నమ్మకమైనవారినిగా చేయునుగాక. ఆమేన్.