అడవి అంచు నుంచి జర్మనీ వార్డుకు

ఆ రాత్రి కుంట వైపు నుంచి మా ఆసుపత్రికి వచ్చిన గొత్తికోయ తల్లికి తెలుగు రాదు. నాకు కోయ మాట రాదు. నొప్పులు వస్తున్నాయా అమ్మా అని మూడుసార్లు అడిగాను. ఆమె మంచం కమ్మీ పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది. నొప్పులు ఇంకా మొదలవలేదేమో అనుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లాను. మా ఆయమ్మది దుమ్ముగూడెం మండలంలో కోయగూడెం. ఆమె వచ్చి రెండు మాటలు మాట్లాడి, "సిస్టర్, తొందరగా రండి, బిడ్డ దిగుతోంది" అని కేకేసింది. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికెళ్లారు. జీఎన్‌ఎం పూర్తి చేసి డ్యూటీలో చేరిన మొదటి నెల అది.

నాలుగేళ్ల తర్వాత జర్మనీలో, జర్మన్ భాషలో బీ1 పరీక్ష పాసై వచ్చిన మొదటి వారంలోనే, ఒక పెద్దాయన నన్ను పిలిచి "ఇష్ ముస్ మాల్" అన్నాడు. మాటకు మాట తీస్తే "నేను ఒకసారి తప్పక" అని అర్థం. తప్పక ఏం చేయాలో ఆయన చెప్పలేదు. మన పేషెంట్లు "ఒంటికెళ్లాలి సిస్టర్" అన్నట్టే అది. నాకు తెలిసేసరికి పక్క తడిసిపోయింది. సిగ్గుతో ఆయన ముఖం తిప్పుకున్నప్పుడు గోడకేసి చూసిన కుంట తల్లి గుర్తొచ్చింది. ఈసారి వార్డులో భాష రానిదాన్ని నేను.

ఖమ్మం, కొత్తగూడెం, చర్ల, వాజేడు వైపు నుంచి నర్సింగ్ చదివి విమానం ఎక్కుతున్నవాళ్లకూ, ఇప్పటికే దిగినవాళ్లకూ ఈ నాలుగు మాటలు.

మొదటి ఉద్యోగం ఊరి దగ్గరే చేయండి. ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఖాళీగా కూర్చోవద్దు. తెలంగాణలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వచ్చింది, అలాంటిది ఏటా రాదు. ఖమ్మంలో ప్రైవేటు ఆసుపత్రి అయినా, జీతం తక్కువైనా, చేరండి. గల్ఫ్ దేశాల్లో సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు, జర్మనీ ప్రకటనల్లోనూ అనుభవం ఉన్నవాళ్లకే ముందు పిలుపు వస్తుంది. పైగా ఏజెన్సీ ప్రాంతంలో ఒక్క ఏడాదిలో చూసే మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్, పాముకాటు కేసులు పెద్ద నగరంలో పదేళ్లు చేసినా అన్ని కనిపించకపోవచ్చు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మనవాళ్లు ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా పనిచేశారో మనకు తెలుసు. బయటి దేశంలో మాత్రం కాగితం మీద లేని అనుభవం లెక్కలోకి రాదు. అనుభవ పత్రంలో వార్డు పేరు, పడకల సంఖ్య, చేరిన తేదీ, మానేసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు అన్నీ ఉండాలి. నాకు ఒక ఆసుపత్రి వాళ్లు "పనిచేసింది" అని ఒక్క వాక్యం రాసిచ్చారు. దాన్ని మళ్లీ రాయించుకోవడానికి ఐదు నెలలు తిరిగాను. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగనివ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఆసుపత్రికీ, ఏ ఏజెంటుకూ తాకట్టు పెట్టకండి.

ఇక డబ్బు సంగతి. పొలం అమ్మి ఏజెంటు చేతిలో పోసినవాళ్లను మన వైపు నేను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. విదేశీ ఉద్యోగానికి రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. అంతకు మించి అడిగితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. జర్మన్ ప్రభుత్వ సంస్థల ట్రిపుల్ విన్ పథకంలో నర్సుల దగ్గర రుసుము తీసుకోరు, బీ1 వరకు భాష ఇక్కడే నేర్పిస్తారు. సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకు వెళ్లే నర్సులకు 2015 నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ చూసుకుందామనే మాట ఎవరు చెప్పినా వినకండి. బ్రిటన్ దారి వేరు. కంప్యూటర్ పరీక్ష ఇక్కడ రాసి, ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ అక్కడికి వెళ్లాక రాయాలి.

జర్మనీలో దిగాక ముందు చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో పురపాలక కార్యాలయానికి వెళ్లి చేయించుకోవాలి. ఆ కాగితం చాలా పనులకు మొదటి మెట్టు: పన్ను నంబరు దాని తర్వాతే పోస్టులో ఇంటికి వస్తుంది, బ్యాంకు వాళ్లూ చాలాచోట్ల దాన్నే అడుగుతారు. పోస్టు డబ్బా మీద మీ ఇంటిపేరు రాసి అతికించండి, లేకపోతే ఉత్తరాలు వెనక్కి పోతాయి. ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టమని ఉత్తరం వస్తే కంగారుపడకండి, అది నిజమైనదే. ముగ్గురు కలిసి ఉంటే ఒకరు కడితే చాలు. ఆదివారం దుకాణాలు తెరవరు, బియ్యం శనివారమే తెచ్చుకోండి. ఒప్పందంలో రాసిన జీతమంతా చేతికి రాదు. పన్ను, ఆరోగ్య బీమా, పింఛను పోగా ఒంటరివాళ్లకు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఇంటికి ఎంత పంపుతామని అమ్మానాన్నలకు మాట ఇచ్చేముందు మొదటి జీతం చీటీ చూసుకోండి.

మనవాళ్లు ఎక్కువగా నలిగిపోయేది వార్డులోనే. మన దగ్గర పేషెంటుకు ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం, బట్టలు మార్చడం ఇంటివాళ్లో ఆయమ్మో చేస్తారు. సెలైన్ పెట్టడం, ఇంజెక్షన్ చేయడం మన పని. జర్మనీలో ఒళ్లు కడగడం నర్సు పనే. కాన్యులా పెట్టేది మాత్రం చాలా ఆసుపత్రుల్లో డాక్టరు. మన చదువుకు అక్కడ పూర్తి గుర్తింపు రావాలంటే బీ2 భాషతో పాటు శిక్షణ కాలమో పరీక్షో దాటాలి. అప్పటిదాకా సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతం. "ఇందుకా ఇంత చదివింది" అని మొదటి నెలలో ఫోన్లో ఏడ్చిన పిల్లల్ని నేను ఓదార్చాను. కానీ ఒక ముసలమ్మకు వీపు కడుగుతున్నప్పుడే ఎక్కడ ఎర్రబడిందో, ఎక్కడ పుండు పడబోతోందో, ఏ చెయ్యి నిన్నటికంటే బలహీనంగా ఉందో కనిపిస్తుంది. మన వార్డుల్లో ఇదంతా చూసేది ఆయమ్మ. ఆ రాత్రి కుంట తల్లికి కాన్పు దగ్గరపడిందని ముందుగా గుర్తించింది కూడా ఆమే.

భాష కోసం వ్యాకరణం పుస్తకం ఒక్కటే చాలదు. బెడ్‌పాన్, మూతికి గొట్టం ఉన్న కప్పు, ఊతకర్ర, పళ్లసెట్టు లాంటి వార్డు వస్తువుల పేర్లు రోజుకు ఐదు చొప్పున రాసుకోండి. షిఫ్టు మారేటప్పుడు పేషెంటు సంగతులు అప్పజెప్పే పది నిమిషాలు అన్నిటికంటే కష్టం. అందరూ వేగంగా, సగం పొడి అక్షరాల్లో మాట్లాడతారు. పావుగంట ముందే వెళ్లి రికార్డు చదివి కూర్చుంటే సగమైనా అందుతుంది.

ఇంకో జాగ్రత్త. మనం తల అటూ ఇటూ ఊపి సరే అంటాం, అక్కడ దాన్ని కాదనో అనుమానమనో తీసుకుంటారు. తల ఊపకుండా నోటితోనే చెప్పండి. అర్థం కాకపోతే "ఇష్ హాబె దాస్ నిష్ట్ ఫెర్‌ష్టాండెన్" అనండి, నాకు అర్థం కాలేదు అని. ఎన్నిసార్లు అడిగినా తప్పులేదు. మందు మోతాదు దగ్గర మాత్రం, అర్థం కాకుండా సరే అనకండి.